ఇంజిన్ లైట్ వెలిగితే నాడి పట్టేదెలా

కారు డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చ ఇంజిన్ బొమ్మ వెలిగితే మన ఊళ్లలో జరిగే తంతు దాదాపు ఒకటే. బండిని షెడ్డుకు తీసుకెళ్తాం. కుర్రాడు స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో స్కానర్ పెట్టి, "ఆక్సిజన్ సెన్సార్ పోయింది సార్" అంటాడు. వేలు పోసి కొత్తది వేయిస్తాం. లైటు ఆరుతుంది, నాలుగు రోజులకే మళ్లీ వెలుగుతుంది. సెన్సార్ నిక్షేపంగా ఉంది. సైలెన్సర్‌లో తాను చూసిన తేడాను కంప్యూటర్‌కు చేరవేసింది, అంతే. కబురు తెచ్చినవాడిని పీకి పారేసి, గొడవను మాత్రం ఇంజిన్‌లోనే వదిలేశాం.

అసలు ఈ దీపం పొగ మీద కాపలాకు పెట్టింది. కాలుష్యంతో ఉక్కిరిబిక్కిరైన కాలిఫోర్నియా 1988 మోడళ్ల నుంచి దీన్ని అడిగింది. 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ ఓబీడీ-2 అనే ఈ కాపలా వ్యవస్థ తప్పనిసరి అయింది. మన దగ్గర బీఎస్-4 కార్లకు 2013లో వచ్చింది. అందుకే బండి హాయిగా పరుగెడుతున్నా లైటు వెలగొచ్చు, బ్రేకులు అరిగిపోయినా ఇది వెలగకపోవచ్చు. లైటు నిలకడగా వెలిగితే నెమ్మదిగా షెడ్డు దాకా నడుపుకుపోవచ్చు. కొట్టుకుంటూ ఆరి వెలుగుతుంటే మాత్రం రేస్ తగ్గించి పక్కకు ఆపాలి. ఇంజిన్ మిస్సింగ్ కొడుతోందన్నమాట. మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ కాలుతుంది, ఆ వేడికి లోపలి జల్లెడ కరిగిపోతుంది.

మంచి మెకానిక్ కోడ్ చూడగానే పార్టు తెప్పించడు. పీ0171 కోడ్‌నే తీసుకోండి. మంటకు పెట్రోలు చాలడం లేదని, లేదా గాలి ఎక్కువైందని దానర్థం. ఎందుకన్నది అందులో లేదు. ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్లు గాలి, బరువు లెక్కన. ఆ పాళ్లు తప్పినప్పుడల్లా కంప్యూటర్ పెట్రోలు పెంచుతూ, తగ్గిస్తూ సర్దుకుంటుంది. ఆ సర్దుబాటునే ఫ్యూయెల్ ట్రిమ్ అంటారు, స్కానర్ లైవ్ డేటాలో శాతంగా కనిపిస్తుంది. అటో ఇటో పది లోపు ఉంటే మామూలే. పాతికకు చేరిందంటే ఎక్కడో తేడా ఉన్నట్టే.

అనుభవం ఉన్న చేయి ఇక్కడే తెలిసిపోతుంది. ముందు ఐడ్లింగ్‌లో ట్రిమ్ చూస్తాడు, తర్వాత రేస్ పెంచి 2500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి చూస్తాడు. ఐడ్లింగ్‌లో పాతిక ఉన్నది రేస్ ఇవ్వగానే అయిదుకు దిగిందా, దొంగగాలి దూరుతోందన్నమాట. ఇంజిన్ కొద్దిగా గాలి పీల్చేటప్పుడు చిన్న చిల్లు కూడా పెద్ద వాటా తీసుకుంటుంది, ఎక్కువ పీల్చేటప్పుడు ఆ వాటా లెక్కలోకి రాదు. ఐడ్లింగ్‌లో బాగుండి లోడ్ మీద ట్రిమ్ పెరిగితే కథ వేరు. పెట్రోలు పంపు నీరసించి ఉండాలి, ఫిల్టర్ పూడి ఉండాలి, లేదంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే మాఫ్ సెన్సార్ తీగకు దుమ్ము పట్టి గాలిని తక్కువ చేసి చెబుతుండాలి. ఈ పద్ధతి మాఫ్ సెన్సార్ ఉన్న బండ్లకే. మన చిన్న కార్లలో చాలావాటికి గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సార్ ఉంటుంది. వాటిలో గాలి లీకైతే ట్రిమ్ పెద్దగా కదలకుండా ఐడ్లింగ్ పెరిగి ఊరుకోవచ్చు. ఈ20 పెట్రోలు పోసిన బండిలో ట్రిమ్ నాలుగైదు శాతం పైకి జరిగితే కంగారు పడనక్కర్లేదు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది.

దొంగగాలి ఉందని తేలాక చిల్లు దొరకాలి. ఇంజిన్ ఆపి, గాలి గొట్టంలోకి స్మోక్ మెషీన్‌తో పల్చటి పొగ వదులుతారు. రబ్బరు హోస్‌ను పైనుంచి చూస్తే నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది. కాస్త వంచితే అడుగున మడత తెరుచుకుని, సన్నని తెల్లటి దారంలా పొగ పైకి లేస్తుంది. కొన్ని వందల రూపాయల హోస్ అది. ఆ మడత చూడకపోయి ఉంటే సెన్సార్లు ఒకదాని వెంట ఒకటి మారుతూనే ఉండేవి.

పీ0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్సింగ్. దీనికి ఖర్చులేని పరీక్ష ఉంది. ఒకటో సిలిండర్ కాయిల్ తీసి మూడోదానికి పెట్టి నడపాలి. కోడ్ పీ0303గా మారితే కాయిల్‌దే తప్పు. మారకపోతే ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ చూసుకోవాలి. స్కానర్లు లేని రోజుల విద్య ఇక్కడ అక్కరకొస్తుంది. ప్లగ్గు మొన నల్లగా పొడి మసితో ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, నూనెతో తడిసి ఉంటే రింగులో వాల్వ్ సీళ్లో అరిగినట్టు. విజయవాడ ఆటోనగర్‌లో పెరిగిన పాత మెకానిక్‌లు ప్లగ్గును వెలుతురులో తిప్పి చూసి చెప్పే సంగతి ఏ కోడ్‌లోనూ రాదు. ఆ చూపును కొత్త కుర్రాళ్లు స్కానర్‌తో పాటే నేర్చుకోవాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఆక్సిజన్ సెన్సార్ హీటర్ సర్క్యూట్ అని కోడ్ వస్తే ఫ్యూజు, వైరు, కనెక్టర్ అన్నీ అందులోకే వస్తాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఎలుకలు కొరికిన వైర్లు, వానాకాలం నీరు దిగి పచ్చగా చిలుము పట్టిన కనెక్టర్ పిన్నులు ముందు చూడాలి. వాటికి మల్టీమీటర్ చాలు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది బ్యాటరీ తీగ పీకి లైటు ఆర్పడం. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా చెరిగిపోతుంది. తప్పు దొరికిన క్షణంలో వేగం ఎంత, ఇంజిన్ వేడి ఎంత, లోడ్ ఎంత అన్నది అందులోనే నమోదై ఉంటుంది. కోడ్ చెరిపేముందు స్కానర్ తెర మీద దాన్ని ఫోనులో ఫొటో తీసిపెట్టుకోండి. పని పూర్తయ్యాక మొదట చూసిన ఆర్‌పీఎం దగ్గరే మళ్లీ ట్రిమ్ చూపించమని అడగండి.