ముందు చీకటి, ఆ తరువాతే భూతద్దం

లార్జ్ ఫార్మాట్ కెమెరా అంటే 4×5 అంగుళాలు లేదా అంతకంటే పెద్ద విడి ఫిల్మ్ షీట్‌పై బొమ్మ తీసే కెమెరా. ముందు లెన్స్, మధ్యలో ముడతల తిత్తి, వెనుక గ్రౌండ్ గ్లాస్ అనే గరుకు అద్దం, స్థూలంగా దీని నిర్మాణం ఇంతే. లెన్స్ గుండా వచ్చిన కాంతి ఆ గరుకు ముఖంపై పడి తలకిందులుగా, కుడియెడమలు తారుమారైన బొమ్మగా కనిపిస్తుంది. ఫోకస్ కుదిరిందో లేదో తేల్చుకోవడానికి ఆ బొమ్మే ఆధారం కనుక, దాన్ని చక్కగా చూపే ఉపకరణాల ఎంపిక లెన్స్ ఎంపికకు తీసిపోయేది కాదు. అయితే ఈ కెమెరాను కొత్తగా చేపట్టినవారు తరచు మొదట శక్తిమంతమైన భూతద్దం కోసమూ, తరువాత ప్రకాశవంతమైన అద్దం కోసమూ వెతికి, వెలుతురు పడకుండా తలనూ కెమెరా వెనుక భాగాన్నీ కప్పే నల్లగుడ్డ సంగతి చివరికి వదిలేస్తారు. కన్ను చూసే తీరును బట్టి ఈ వరుస తిరగబడాలి.

గరుకు అద్దంపై బొమ్మ మసకబారడానికి లెన్స్ పంపే కాంతి చాలకపోవడం ఒక్కటే కారణం కాదు. ఫొటోగ్రాఫర్ వెనుక నుంచి పడే ఆకాశపు వెలుతురు బొమ్మలోని నలుపులను వెలిసిపోయేలా చేస్తుంది. మ్యాట్నీ వేళ తలుపులు తెరిచి ఉంచిన సినిమాహాలులో తెర ఎలా కనిపిస్తుందో ఎరిగినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. లోపల నలుపు, ఎండవేడిని తిప్పికొట్టడానికి బయట తెలుపు ఉండి, గాలికి ఎగరకుండా అంచులలో బరువులు కుట్టిన గుడ్డ 4×5 కెమెరాకు నాలుగడుగుల చదరం ఉంటే సాధారణంగా సరిపోతుంది. గుడ్డ కప్పుకోగానే ఫోకస్ చేయబోకుండా, కన్ను చీకటికి అలవాటుపడే దాకా ఒకటి రెండు నిమిషాలు ఆగడం మంచిది. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలపు గాజుపలకల కెమెరాలకూ ఈ గుడ్డే ఆధారం.

చీకటి కుదిరాక మూలల సమస్య మిగులుతుంది. 4×5 కెమెరాకు 90 మిల్లీమీటర్ల వైడ్ యాంగిల్ లెన్స్ తగిలిస్తే, ఫ్రేము మూలలకు చేరే కిరణాలు సుమారు 40 డిగ్రీల ఏటవాలుతో వచ్చి, అద్దం దాటాక కూడా ఎక్కువగా అదే దిశలో బయటికి పోతాయి. అందుచేత నడిమి భాగం వెలుగుతూ మూలలు నల్లబడతాయి. ఫ్రాన్స్‌కు చెందిన ఓగుస్తాఁ ఫ్రెనెల్ 1820ల్లో దీపస్తంభాల కోసం రూపొందించిన వలయాల కటకం ఇక్కడ పనికివస్తుంది: సన్నని వృత్తాకారపు గాట్లు గల ప్లాస్టిక్ పలక ఆ కిరణాలను కంటివైపు వంచుతుంది. ఈ పలకను గరుకు అద్దానికి ఫొటోగ్రాఫర్ వైపున అమర్చాలి. లెన్స్ వైపున అమర్చితే, పలక మందంలో దాదాపు మూడోవంతు మేర ఫోకస్ జరిగిపోతుంది కనుక, తయారీలోనే ఆ లెక్క కట్టిన కెమెరాలకు తప్ప అది తగదు.

దగ్గర నుంచి పరీక్షించే చిన్న భూతద్దాన్ని ఫొటోగ్రాఫర్లు లూప్ అంటారు. ఎక్కువ రెట్లు పెంచేదే మంచి లూప్ అన్న అభిప్రాయం నిలవదు. ఎనిమిది రెట్లు దాటితే బొమ్మకంటే అద్దపు గరుకుదనం, ఫ్రెనెల్ గాట్లు ముందుగా కనబడతాయి కనుక నాలుగు నుంచి ఆరు రెట్లు చాలు. స్లైడ్లు చూడటానికి చేసిన లూప్‌కు వెలుతురు లోపలికి వచ్చే పారదర్శకమైన అంచు ఉంటుంది. ఈ పనికి కావలసింది వెలుతురు దూరని అంచు. బొమ్మ ఏర్పడే గరుకు ముఖం అద్దానికి లోపలి వైపున, అంటే లెన్స్ వైపున ఉంటుంది కనుక, లూప్ ఫోకస్‌ను ముందుగా ఆ గరుకు రేణువులపై సరిచేసుకున్న తరువాతే బొమ్మను పరీక్షించాలి. ఫ్రేము మొత్తాన్ని ఒక్క చూపులో అంచనా వేయడానికి మాత్రం +3 పవరు గల చదువు కళ్లద్దాలు లూప్ కంటే ఎక్కువ ఉపయోగపడతాయి.

ఇవన్నీ ఉన్నా, అద్దపు గరుకు ముఖం సరిగ్గా ఫిల్మ్ నిలిచే తలంలో లేకపోతే శ్రమ వృథా. 4×5 ఫిల్మ్ హోల్డర్‌లో ఫిల్మ్ ఆనే పలక లోతుకు ప్రమాణం 0.197 అంగుళం, అంటే సుమారు 5 మిల్లీమీటర్లు. అద్దం మార్చినప్పుడల్లా ఫిల్మ్ పెట్టిన హోల్డర్ లోతునూ అద్దపు లోతునూ కొలిచి పోల్చుకోవాలి. లోపలి దర్పణంతో బొమ్మను నిటారుగా చూపే రిఫ్లెక్స్ వ్యూయర్ సుఖమైనదే కాని, బరువైనది; పైగా కుడియెడమల తారుమారు దానితో పోదు. కాబట్టి పరిమితమైన డబ్బుతో మొదలుపెట్టేవారు ముందు మంచి గుడ్డ కుట్టించుకుని, అద్దం స్థానాన్ని సరిచూసుకుని, నాలుగు రెట్ల లూప్ కొనుక్కుంటే చాలు. ఫ్రెనెల్ పలక ఖర్చును వైడ్ యాంగిల్ లెన్స్ కొనే రోజు దాకా వాయిదా వేయవచ్చు.