ఆ గీత మనం గీసిందే

పరమాణు నిర్మాణం పాఠంలో పీ ఆర్బిటాల్ దగ్గరికి వచ్చేసరికి కెమిస్ట్రీ లెక్చరర్లందరి చెయ్యీ ఒకేలా కదులుతుంది. బోర్డు మీద డంబెల్ బొమ్మ పడిపోతుంది. నేను మాత్రం గీతకంటే ముందు సుద్దముక్కతో చుక్కలు పెడతాను. కేంద్రకం దగ్గర ఏమీ ఉండదు. దానికి ఇరువైపులా కాస్త దూరంలో చుక్కలు ఒత్తుగా పడతాయి, ఆపైన పలచబడతాయి. రెండు భాగాల మధ్య నోడల్ తలం మీద ఒక్క చుక్క కూడా పడకూడదు. అక్కడ ఎలక్ట్రాన్ దొరికే సంభావ్యత సున్నా.

మరి చుక్కలు ఎక్కడ ఆపాలి? ఆపడానికి చోటంటూ లేదు. ఎంత దూరం పోయినా సంభావ్యత తగ్గుతుందే గాని పూర్తిగా పోదు. అందుకే ఎలక్ట్రాన్ దొరికే అవకాశం 90 శాతం ఉన్న మేర చుట్టూ గీత గీసి, దాన్నే ఆకారం అంటున్నాం. హైడ్రోజన్ 1ఎస్‌కి ఆ గోళం వ్యాసార్ధం సుమారు 1.4 ఆంగ్‌స్ట్రామ్‌లు. 95 శాతం కావాలంటే గోళం పెద్దదవుతుంది. పరమాణువు మాత్రం అలాగే ఉంటుంది.

ఈ ఆర్బిటాళ్లకు మూలమైన ష్రోడింగర్ సమీకరణం వచ్చింది 1926లో. కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో ఈ ఎలక్ట్రాన్ మేఘాన్ని కంటికి చూపించడానికి బెర్క్‌లీలో హార్వీ వైట్ అనే భౌతిక శాస్త్రవేత్త గిర్రున తిరిగే యంత్ర నమూనా ఒకటి తయారుచేసి, అది తిరుగుతుండగా ఫొటోలు తీశాడు. 1931లో అచ్చయిన ఆ ఫొటోల్లో వెలుగు అంచుల దగ్గర మెల్లగా చీకట్లో కలిసిపోతుంది. మన పాఠ్యపుస్తకాల బొమ్మలకంటే అవే నాకు నిజానికి దగ్గరగా అనిపిస్తాయి.

గీతను నమ్మితే వచ్చే చిక్కు నైట్రోజన్ దగ్గర బయటపడుతుంది. మూడు పీ ఆర్బిటాళ్లు, ఒక్కోదానిలో ఒక్కో ఎలక్ట్రాన్. మూడు డంబెళ్లు అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా గీశాక, నైట్రోజన్ పరమాణువుకి ఆరు కొమ్ములుంటాయని పిల్లలు అనుకోవడంలో తప్పేముంది? కానీ ఆ మూడింటి సాంద్రతలూ కూడి చూడండి. ఒకటి ఎక్స్ స్క్వేర్‌ని బట్టి, ఒకటి వై స్క్వేర్‌ని బట్టి, ఒకటి జడ్ స్క్వేర్‌ని బట్టి మారుతుంది. మూడూ కలిస్తే ఆర్ స్క్వేర్. ఇక దిక్కుల ప్రసక్తే లేదు. విడిగా ఉన్న నైట్రోజన్ పరమాణువు అచ్చంగా గోళమే. ఇలా కూడితే గోళం వస్తుందని ఉన్‌సోల్డ్ అనే శాస్త్రవేత్త 1927లోనే చూపించాడు. ఈ రెండు వరుసల లెక్క బోర్డు మీద చేసిన రోజు క్లాసులో వచ్చే ప్రశ్నలంటే నాకు ప్రాణం.

డంబెల్ బొమ్మ మానేయమని అనను. బంధాలు ఏ దిక్కున ఏర్పడతాయో చెప్పడానికి అది కావాలి. ఈ పాఠం చెప్పే తోటి లెక్చరర్లకు నా మనవి ఒక్కటే. గీత గీయగానే దాని పక్కన ‘90 శాతం’ అని రాయండి.