వాచకంలో సీతమ్మ

నా పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథంలో ‘సీతమ్మ కథ’ను ప్రచార సాహిత్యమని ఒక్క వాక్యంలో పక్కన పెట్టేశాను. నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమ వాచకంలోని పాఠమది. సారా కూల్చిన సంసారం కథ. అది చదువుకున్న దూబగుంట స్త్రీలు 1990ల ఆరంభంలో ఊళ్ళో సారా దుకాణం మూయించారు. సారా చేసే నష్టం వాళ్ళకు కొత్త సమాచారమా? కాదు. ఎవరికి వాళ్ళు దిగమింగుకున్న బాధ అందరిదీ అని ఆ పాఠంతో తేలింది. కథలో ఉన్నవాళ్ళే చదివారు, చదివినవాళ్ళే నిర్ణయించారు.

1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధాన్ని సడలించినప్పుడు ఖజానా రాబడి లెక్కలు మాట్లాడాయి; సీతమ్మ ఆ గదిలో లేదు. అణగారినవాళ్ళ గురించిన సమాచారం, వాళ్ళు లేనిచోట అంకెగానో జాలిగానో మిగులుతుంది. ఆ పాఠాన్ని శిల్పంతో మాత్రమే కొలిచిన నేనూ ఆ గదిలోనే కూర్చున్నానని ఇప్పుడు ఒప్పుకోవాలి.