ఉదయగిరి కొండ మసీదు: విజయ చిహ్నమా? నివాస చిహ్నమా?

దక్షిణాన శ్రీహరికోట తీరం నుండి పశ్చిమోత్తరాన ఉదయగిరి కొండల వరకు విస్తరించిన పూర్వపు నెల్లూరు జిల్లా మధ్యయుగ చరిత్ర ఎక్కువగా కోటల ముట్టడుల చరిత్రగానే సాగింది. ఉదయగిరి అనగానే శ్రీకృష్ణదేవరాయలు సుదీర్ఘ ముట్టడి తర్వాత 1514లో ప్రతాపరుద్ర గజపతి నుండి ఆ దుర్గాన్ని గెలుచుకోవడం గుర్తుకు వస్తుంది. అక్కడి కొండమీది మసీదును కూడా ఇదే వరుసలో చేర్చి, కొత్త పాలకుల విజయముద్రగా భావించడం సులభం. అయితే మసీదులోని శాసనాలు ఈ నిర్ణయాన్ని పునఃపరిశీలించవలసిన అవసరాన్ని కలిగిస్తున్నాయి.

ఇక్కడి రెండు పారశీక శాసనాలు మసీదు నిర్మాణంతో పాటు తోట పెంపకాన్ని కూడా షేక్ హుస్సేన్ కృషిగా పేర్కొంటాయి. ఇతడు గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా (1626–1672) సామంతుడు. మసీదు గురించి చెప్పిన చోటనే తోటను కూడా చెప్పడం గమనార్హం. తోటకు నీటి వసతి, కూలీల శ్రమ, కొన్నేళ్ల ఓపిక కావాలి. ప్రార్థనకు ముందు చేసే వజూకు కూడా నీరే ఆధారం. కనుక ఈ రెండు నిర్మాణాల వెనుక ఉన్నది స్థిరనివాస సంకల్పం.

రాజమహేంద్రవరంలోని మసీదుతో పోలిస్తే ఈ భేదం స్పష్టమవుతుంది. 1323లో ఓరుగల్లు పతనమైంది. మరుసటి ఏడాదే, 1324లో, సాలార్ ఉల్వీ ఆ మసీదును కట్టించినట్లు ద్వారం మీది శాసనం తెలుపుతుంది. దండయాత్రకు, నిర్మాణానికి నడుమ వ్యవధి స్వల్పం కనుక అక్కడ రాజకీయ ప్రకటనగా చూడడానికి ఆధారం ఉంది. విజయచిహ్నం ఒక మతానికే పరిమితమూ కాదు. రాయలు ఉదయగిరి నుండి బాలకృష్ణ విగ్రహాన్ని తరలించి హంపీలో ప్రతిష్ఠించాడు. విగ్రహాన్ని తీసుకుపోవచ్చు, తోటను తీసుకుపోలేరు.

శాసనం దాత చేసుకున్న ప్రకటన అన్నది నిజమే. సుల్తాను పేరును స్మరించడంలో అధికార ఛాయ లేకపోలేదు. అయినా దాత తన కీర్తికి ఆధారంగా యుద్ధాన్ని గాక చెట్ల పెంపకాన్ని ఎంచుకోవడం విలువైన సాక్ష్యం. కాబట్టి దుర్గాలలోని మసీదులను అధ్యయనం చేసేవారు కమానులు, మినార్లతో ఆగక చెరువులు, బావులు, తోటల ఆనవాళ్లను కూడా నమోదు చేయాలి. అప్పుడే ఆ కొండలు ముట్టడుల చరిత్రతో పాటు మనుషులు నివసించిన చరిత్రను కూడా చెప్పగలుగుతాయి.