ఫ్లూ సీజన్‌కి కొలబద్ద

ఊళ్లో ఎంతమందికి ఫ్లూ వచ్చిందని అందరూ లెక్కపెడతారు. ఆ కేసులు వారాల మీద ఎలా పరుచుకున్నాయో కొలిచిన పరిశోధన ఒకటి 2018 అక్టోబర్‌లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన బెంజమిన్ డాల్జియెల్ బృందం చేసిన పని అది. అమెరికాలో 603 నగరాలు, ఆరేళ్ల లెక్కలు. డాక్టర్ల దగ్గర్నుంచి వెళ్లిన ఇన్సూరెన్స్ బిల్లులే ముడిసరుకు.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసింది వాళ్ల కొలబద్ద. ఒక ఊళ్లో 100 కేసులు 20 వారాల పాటు వారానికి ఐదు చొప్పున వచ్చాయనుకోండి. ఇంకో ఊళ్లో ఆ 100లో 80 మూడు వారాల్లోనే మీదపడ్డాయనుకోండి. మొత్తం ఒకటే, కానీ రెండో ఊరి ఆస్పత్రిలో మంచాలు చాలవు. ఈ తేడాని ఒక్క అంకెలో పట్టడానికి క్లాడ్ షానన్ 1948లో సమాచార సిద్ధాంతం కోసం రాసిన ఎంట్రపీ సూత్రాన్ని తీసుకున్నారు. వారాల వాటాలు ఎంత సమంగా ఉంటే ఎంట్రపీ అంత ఎక్కువ. దాన్ని తిరగేస్తే తీవ్రత. వాటాలే తప్ప మొత్తాలతో పనిలేదు కాబట్టి చిన్న ఊరినీ మహానగరాన్నీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఎంత పొందికైన ఆలోచన!

తేలిందేమిటంటే, చిన్న ఊళ్లలో ఫ్లూ ఒక్కసారిగా ఎగసిపడుతుంది, మహానగరాల్లో నెలల తరబడి సాగుతుంది. ఇరుకు ఉన్నచోటే ఉధృతి ఎక్కువుండాలి కదా అనిపిస్తుంది. ఈ తిరకాసుకి కారణం గాలిలోనూ జనంలోనూ ఉంది. పొడిగాలి ఫ్లూ వ్యాప్తికి అనువైనదని 2007లో న్యూయార్క్‌లో గినీ పందులపై చేసిన ప్రయోగాలు చూపించాయి. చిన్న ఊళ్లో వైరస్‌కి చలికాలంలోని ఆ పొడి వారాలే అదను. మహానగరంలో జనం ఇంటికీ ఆఫీసుకీ మధ్య కిక్కిరిసి తిరుగుతుంటారు కాబట్టి, గాలి అనుకూలించకపోయినా వైరస్‌కి ఎవరో ఒకరు దొరుకుతారు. అలా ముందే కొందరికి వచ్చిపోతే, నడి చలికాలానికి అంటుకోవడానికి మిగిలేవాళ్లు తగ్గుతారు. దీన్ని ఊహగా వదిలేయలేదు. జనం ఎక్కడ ఉంటారు, ఎక్కడ పనిచేస్తారు అన్న సెన్సస్ వివరాలతో సరిచూశారు.

ఈ జవాబు మనకి ఉన్నదున్నట్టుగా సరిపోదు. శ్రీనగర్‌లో ఫ్లూ చలికాలంలో ముదిరితే, మన దేశంలో చాలాచోట్ల తేమ నిండిన వానాకాలంలో ముదురుతుంది. కొలబద్దకి మాత్రం ఆ ఇబ్బంది లేదు. హైదరాబాద్‌నీ నిజామాబాద్‌నీ, విశాఖనీ విజయనగరాన్నీ దానితో ఎవరైనా కొలిస్తే చూడాలని ఉంది. అందుకు ముందు ఊరూరా, వారం వారం కేసులు రాసిపెట్టే పని జరగాలి.