‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ ప్రారంభాధ్యాయములలో అపరాధజన్య భయము

చార్లెస్ డికెన్స్ రచించిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ నవలను గూర్చి తరగతిలో ముచ్చటించునపుడు మనము సాధారణముగా శ్మశానవాటికను, పొగమంచును, కాలికి ఇనుపకట్టు గల ఖైదీని పేర్కొని, భయానక వాతావరణమును కల్పించుటలో రచయితకు గల నేర్పును ప్రశంసించి విరమింతుము. ఆ ప్రశంస అనుచితము కాదు. కాని ఆ వాతావరణము ఉద్దీపన విభావము మాత్రమే. తొలి అధ్యాయములలో పాఠకుని ఊపిరి బిగపట్టించు భయమునకు మూలము శ్మశానమున లేదు. పిప్ అను ఆ బాలుని ఇంటి ఉగ్రాణమున ఉన్నదని నా అభిప్రాయము.

ఈ నవల డికెన్స్ స్వయముగా నడపిన ‘ఆల్ ది యియర్ రౌండ్’ అను వారపత్రికలో 1860 డిసెంబరు 1 నుండి 1861 ఆగస్టు 3 వరకు ధారావాహికముగా వెలువడినది. అందు అప్పటికే నడచుచున్న చార్లెస్ లీవర్ నవల పాఠకులను ఆకర్షింపలేక పత్రిక అమ్మకము తగ్గుచుండెను. అందుచే, నెలనెలా భాగములుగా ప్రకటింపదలచిన ఈ కథను డికెన్స్ తన వారపత్రికకు మరల్చెను. వారము వారము పాఠకుని నిలుపుకొనవలసిన నిర్బంధము ఆయనకు ఉండెననుట స్పష్టము. రెండవ వారపు భాగము నాల్గవ అధ్యాయముతో ముగియు తీరును గమనింపుడు. పిప్ దొంగిలించి ఖైదీకి ఇచ్చివేసిన పందిమాంసపు వంటకమునే అతిథులకు వడ్డింపదలచి అక్క లేచును. ఇక దాగదని బాలుడు వీథి తలుపు వైపు పరుగెత్తును. గుమ్మములో తుపాకులు ధరించిన సైనికులు! వారిలో ఒకడు చేతిసంకెళ్ల జతను పిప్ వైపునకే చాచును. ఏడు దినముల పాటు పాఠకుడు ఆ గుమ్మమునొద్దనే నిలువవలెను. అయినను దీనిని పత్రికా వ్యాపారపు ఎత్తుగడగా మాత్రమే తలచినచో, ఆ సంకెళ్లు తనకొరకే వచ్చినవని పిప్ ఏల తలంచెనో వివరింపజాలము.

ఇచట భరతుని విభాగము మనకు తోడ్పడును. నాట్యశాస్త్రమున ఆయన భయానకమును వ్యాజజన్యము, అపరాధజన్యము, విత్రాసితకము అని మూడు విధములుగా చెప్పెను. మొదటిదానితో మనకిపుడు పనిలేదు. మిగిలిన రెండింటిలో ఒకటి మరియొకటిగా మారుటయే ఈ అధ్యాయముల రహస్యము.

మొదటి అధ్యాయము నిస్సందేహముగా విత్రాసితకము. క్రిస్మస్ ముందునాటి సాయంకాలము. కెంట్ ప్రాంతపు చిత్తడి నేలలు. తల్లిదండ్రుల సమాధి చెంత ఐదుగురు పసి సోదరుల గుర్తుగా ఐదు చిన్న రాళ్లు. ఆ సమాధుల నడుమనుండి ఖైదీ లేచి వచ్చి బాలుని తలక్రిందులు చేయగా, చర్చి శిఖరము వాని పాదముల క్రింద కనబడును. ఆకురాయియు ఆహారమును తేనిచో, పొంచియున్న వేరొక యువకుడు గుండెయు కాలేయమును పెరికివేయునని బెదిరింపు. ఇంతవరకు భయము బయటినుండి వచ్చినదే.

రెండవ అధ్యాయమున శ్మశానము లేదు. పొయ్యి, భోజనము, అక్క, బావ. అంతయు పరిచితమైన ఇల్లు. అచటనే భయము ముదురును. తనకు పెట్టిన రొట్టెను పిప్ పంట్లాము కాలులో దాచును. ఖైదీ పారిపోయెనని తెలుపు ఫిరంగి మ్రోతను విని, ఖైదీలనుంచు పాత ఓడలను గూర్చి ప్రశ్నించును. హత్యలు, దొంగతనములు చేయువారిని అందు ఉంచుదురనియు, వారందరు ప్రశ్నలడుగుటతోనే ఆరంభింతురనియు అక్క కసరును. ఇది హాస్యోక్తి. కాని పిప్ తర్కము చూడుడు: ప్రశ్నలడుగుట ఆరంభించితిని, రేపు అక్క సొత్తు దొంగిలింపనున్నాను, కావున ఆ ఓడలకే నా ప్రయాణము. నవ్వు పుట్టించిన మాటయే బాలునికి తీర్పుగా పరిణమించినది. ఈ అధ్యాయములలో ఇంతకన్న శక్తిమంతమైన ఘట్టము లేదని నా తలంపు.

అటు పిమ్మట ఉద్దీపనములు తమ పనిని మార్చుకొనును. వేకువజామున మెట్లపలకలు చేయు చప్పుడు దొంగను పట్టుకొనుమను కేకవలె వినబడును. మంచులోనుండి ఎదురైన పశువులు నేరము మోపుచున్నట్లు చూచును. మెడపై తెల్లని చార గల నల్లని ఎద్దు పిప్ కంటికి మతాచార్యునివలె తోపగా, వాడు దానికే సంజాయిషీ చెప్పుకొనును. మొదటి అధ్యాయమున ప్రకృతి భయపెట్టినది; మూడవ అధ్యాయమున అదియే విచారణ జరుపుచున్నది. కథకుడు పెరిగి పెద్దవాడైన పిప్ కనుక ఈ సన్నివేశములను చిరునవ్వుతో చెప్పగలడు. ఆ నవ్వు చాటున బాలుని వణకు చెక్కుచెదరదు. విందులో అతిథి బ్రాందీకి బదులు తారునీరు త్రాగు పట్టున మాత్రము హాస్యము కొంత మితిమీరినదని నాకు తోచును.

భయపెట్టినవాడును భీతుడే యనునది మరువరాదు. మొదటి అధ్యాయము చివర ఖైదీ చలికి వణకుచు, కుంటుచు, ఏటియొడ్డున నున్న ఉరికంబము వైపు నడచును. మరునాడు వాడు ఆవురావురుమని తినుచుండగా పిప్ జాలిపడును. భయమునకు ఆలంబనమైనవాడే కరుణకును ఆలంబనమగుట సామాన్య భయానక కథలలో కనబడదు.

నా వాదమునకు బలమైన ఆధారము ఐదవ అధ్యాయమున కలదు. పట్టుబడిన ఖైదీ, కమ్మరి ఇంట ఆహారము దొంగిలించినది తానేయని సైనికుల యెదుట తనంత తానే ఒప్పుకొనును. తిన్నందుకు తనకు సంతోషమేయని జో బదులు చెప్పును. ఖైదీ పడవనెక్కి పోయెను. పిప్‌నకు శిక్షాభయము తీరెను. విత్రాసితకమే ప్రధానమైనచో కథ ఇచట చల్లబడవలెను. కాని ఆరవ అధ్యాయమున పిప్ జోకు నిజము చెప్పజాలడు. చెప్పినచో ఆ బావ తనను మునుపటివలె నమ్మడని, పొయ్యి చెంత తానొంటరివాడనగుదునని వాని బెంగ. ఖైదీ లేడు, సైనికులు లేరు, మంచు లేదు. అపరాధము మాత్రము వానితోకూడ ఆ పొయ్యి చెంతనే కూర్చున్నది.