ఆటవిడుపా, ఆయాసమా?

దసరా సెలవులు అయిపోయి బడి తెరిస్తే చాలు, మా దగ్గర ఒకటే మాట: "ఈసారి టూరు ఎక్కడికి?" ఈ ఏడాది సారు తొమ్మిది, పది తరగతుల వాళ్లను చేతులెత్తమంటే ఎక్కువ చేతులు లేచింది అమ్యూజ్‌మెంట్ పార్కుకే. ఎందుకని అడిగితే, "చదివి చదివి బుర్ర వేడెక్కింది సార్, ఒక్కరోజు రిలాక్స్ అయి వస్తాం" అన్నారు. ఆ 'రిలాక్స్' అనే మాట దగ్గరే నాకు అనుమానం. పోయిన డిసెంబరులో మనం హైదరాబాదు శివారులోని ఒక పార్కుకు పోయి వచ్చినాం కదా. మరుసటి రోజు మన తరగతిలో సగం బెంచీలు ఖాళీ. వచ్చినవాళ్లు కూడా గణితం పీరియడ్‌లో తల వాల్చేసినారు. విశ్రాంతి తీసుకున్న మనిషి అట్లా ఉంటాడా? పార్కుకు పోవడం నిజంగా ఆటవిడుపా, లేక ఇంకో రకం అలసటా అనేది ఈ వ్యాసంలో విచారిస్తాను.

రాయచూరు నుంచి మనకు అందుబాటులో ఉన్నవి ఎక్కువగా హైదరాబాదు వైపువే. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ, 2016లో రావిర్యాల దగ్గర తెరిచిన వండర్‌లా, నగరం నడుమ స్నో వరల్డ్ అందరికీ తెలిసినవే. బెంగళూరు వైపు బిడది దగ్గర ఇంకొక వండర్‌లా 2005 నుంచి ఉంది గానీ అది మనకు ఇంకా దూరం. మనం పోయిన పార్కు పేరు నేను రాయను. నేను చెప్పబోయే విషయాలు ఏ ఒక్క పార్కువో కావు, ఏ పార్కులోనైనా ఉండేవే.

ముందు మంచి చెప్పాలి. రోలర్ కోస్టర్ ఎక్కినప్పుడు కలిగే ఆనందం అబద్ధం కాదు. చాలా రోలర్ కోస్టర్ పెట్టెలకు ఇంజను ఉండదు. మొదటి ఎత్తు మీదికి గొలుసు లాగి వదిలేస్తుంది, ఆ తర్వాత పని అంతా భూమ్యాకర్షణదే. స్థితిశక్తి గతిశక్తిగా మారడం అని మనం పరీక్షలో రాసేది అక్కడ ఒళ్లంతా తెలుస్తుంది. కిందికి దిగేటప్పుడు కడుపులో ఏదో తేలినట్టు ఉంటుంది. సీటు కూడా మనతో పాటే పడుతూ ఉంటుంది కాబట్టి అది మనల్ని పైకి నెట్టదు, మన బరువు మనకు తెలియదు. అదే సమయంలో అధివృక్క గ్రంథుల నుంచి అడ్రినలిన్ విడుదలై గుండె దడదడ కొట్టుకుంటుంది. కుక్క వెంటపడినా గుండె అట్లాగే కొట్టుకుంటుంది. తేడా ఏమిటంటే, ఇక్కడ బెల్టు ఉందని, రెండు నిమిషాల్లో దిగిపోతామని మనకు తెలుసు. అందుకే భయం నవ్వుగా మారుతుంది. తరగతిలో నోరు విప్పని ఒక అమ్మాయి ఆ రోజు అందరికన్నా గట్టిగా అరిచింది, దిగినాక అందరికన్నా ఎక్కువ నవ్వింది. ఆ నవ్వు నేను మరిచిపోలేను. కాబట్టి "పార్కులో సరదా లేదు" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

కానీ సరదా వేరు, విశ్రాంతి వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లనే మనం మోసపోతున్నాం.

ఆ రోజు నేను చేతి గడియారం చూసి చిన్న నోటుబుక్కులో రాసుకున్నాను. పదకొండు గంటలకు లోపలికి పోయినాం, సాయంత్రం ఆరుకు బయటికి వచ్చినాం. అంటే ఏడు గంటలు. నేను ఎక్కినవి ఎనిమిది ఆటలు. ఎనిమిదీ కలిపి సీటు మీద కూర్చున్న సమయం 19 నిమిషాలు. వరుసల్లో నిలబడింది 3 గంటల 40 నిమిషాలు. తిండికి 50 నిమిషాలు. మిగిలిన రెండు గంటల పైచిలుకు నడవడం, సంచులు లాకర్లో పెట్టడం, తప్పిపోయినవాళ్లను వెతకడం, వాళ్లు దొరికితే ఇంకొకరిని వెతకడం. పార్కు టికెట్టు, బడిపిల్లల రాయితీ పోను, 900 రూపాయలు. 19 నిమిషాలకు పంచితే నిమిషానికి సుమారు 47 రూపాయలు పడింది.

ఈ లెక్క ఇంట్లో చెబితే మా అన్న, "సంతోషాన్ని నిమిషాల లెక్కన కొలుస్తారా పిచ్చిదానా?" అన్నాడు. మంచి ప్రశ్నే. అయితే ఆ రోజు లెక్క వేసింది నేనొక్కదాన్నే కాదు. నోటుబుక్కు లేకపోయినా అక్కడ అందరూ అదే లెక్కలో ఉన్నారు. "ఇంకా ఆరు ఎక్కలేదు, తొందరగా రండి", "తినేది బస్సులో తినొచ్చు, పదండి", "ఇంత డబ్బు కట్టి చెట్టు కింద కూర్చుంటావా?" అని అంటూనే ఉన్నారు. నాకు కాసేపు కూర్చోవాలని ఉన్నా ఎవరూ కూర్చోనివ్వలేదు. మనల్ని పరుగెత్తించింది ఆ యంత్రాలు కాదు, చేతికి కట్టిన కాగితం పట్టీ.

ఇది ఒకే టికెట్టు పద్ధతి వల్ల వచ్చింది. మొదట్లో ఆటలు ఇట్లా అమ్మేవాళ్లు కాదు. 1884లో అమెరికాలోని కోనీ ఐలాండ్‌లో లామార్కస్ థాంప్సన్ అనే ఆయన పట్టాల మీద జారే బండి పెట్టినాడు. దాని వేగం గంటకు ఆరు మైళ్లే, సైకిలు కన్నా తక్కువ. ఒకసారి ఎక్కితే 5 సెంట్లు. 1893లో చికాగో ప్రదర్శనలో జార్జ్ ఫెర్రిస్ 264 అడుగుల రంగులరాట్నం నిలబెట్టినాడు. దానికీ వేరే టికెట్టే. 1955లో తెరిచిన డిస్నీలాండ్‌లో కూడా చాలా ఏళ్లు చీటీల పుస్తకం ఉండేది, ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క చీటీ చింపి ఇవ్వాలి. 1982లో ఆ పుస్తకాలు పోయి, ఒక టికెట్టు కొంటే రోజంతా ఎన్నయినా ఎక్కే పద్ధతి వచ్చింది. వినడానికి ఇది మనకు లాభంగా ఉంటుంది. కానీ డబ్బు ముందే పోయింది కాబట్టి, ఎక్కని ప్రతి ఆటా నష్టంగా కనిపిస్తుంది. పెళ్లిలో కడుపు నిండినా "కట్నం చదివించినాం కదా" అని ఇంకో లడ్డు తినేవాళ్ల మాదిరి అవుతుంది మన పని.

మన జాతరతో పోల్చి చూడండి. మా అవ్వ ఊరు సింధనూరు దగ్గర ఒక క్యాంపు. జనవరి పున్నమికి సోమలాపురం అంబామఠం జాతరకు మేమందరం పోతాం. లోపలికి పోవడానికి టికెట్టు లేదు. రంగులరాట్నానికి వేరే, బావిలో మోటారుసైకిల్ తిప్పే ఆటకు వేరే డబ్బులు. అమ్మ నా చేతిలో ఒక నోటు పెట్టి "ఏదో ఒకటి ఎక్కు" అంటుంది. ఏది ఎక్కాలో ఆలోచించడమే ఒక గంట ఆట. ఎక్కి దిగినాక అవ్వ పక్కన దుప్పటి మీద కూర్చొని మిర్చి బజ్జీ, బొరుగులు తింటూ వచ్చేపోయేవాళ్లను చూస్తాం. అప్పుడు నేను ఏమీ నష్టపోతున్నట్టు అనిపించదు. ఈ రోజు కుదరకపోతే రేపు, రేపు కాకపోతే వచ్చే ఏడు. హైదరాబాదు నాంపల్లిలో 1938 నుంచి జరుగుతున్న నుమాయిష్‌లో కూడా ఇదే పద్ధతి. గేటు దగ్గర చిన్న టికెట్టు, ఆటలకు వేరే. 1956 దాకా రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది కాబట్టి మా వీధిలో ముసలివాళ్లు ఇప్పటికీ నుమాయిష్ పేరు ఎత్తుతారు. వాళ్లు చెప్పేది ఎక్కిన ఆటల గురించి కాదు, తిరిగిన అంగళ్ల గురించి.

జాతర అంతా మంచిదని నేను అనడం లేదు. నా స్నేహితురాళ్లు దీనికి గట్టిగా ఎదురు చెప్పినారు. జాతరలో దుమ్ము, తోపులాట ఉంటాయి. రంగులరాట్నం బోల్టులు ఎవరు చూసినారో తెలియదు. ఆడపిల్లలకు మరుగుదొడ్డి దొరకదు. చీకటి పడితే పోకిరీల మాటలు పడాలి. పార్కులో ప్రతి సీటుకూ తాళం పడిందా లేదా అని మనిషి వచ్చి చేత్తో లాగి చూస్తాడు, ఎత్తు కొలిచి చిన్నపిల్లలను ఆపుతారు, నీళ్లు, మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి. "మా నాయన నన్ను ఒంటరిగా తిరగనిచ్చిన ఒకే ఒక్క చోటు అదే" అని ఒకమ్మాయి అన్నది. ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆడపిల్లకు భయం లేకుండా తిరగడం కూడా ఒక విశ్రాంతే. ఈ విషయంలో పార్కుకే నా ఓటు.

అయితే అక్కడ కూడా ఆడపిల్లలకు ఒక ఇబ్బంది ఉంది. నీటి ఆటల్లోకి నూలు బట్టలతో రానివ్వరు, నైలాను బట్టలే వేసుకోవాలి. చాలా పార్కుల్లో ఈ నియమం ఉంటుంది, నీళ్లు శుభ్రంగా ఉండడానికి అది అవసరం కూడా. కానీ మనకు ఆ సంగతి అక్కడికి పోయినాక తెలిసింది. అద్దె బట్టలకు వేరే డబ్బు కట్టాలి. వాటిని వేసుకొని అందరి ముందుకు రావడానికి సిగ్గు. మనలో చాలామంది అమ్మాయిలం కాళ్లు తడుపుకొని గట్టున కూర్చున్నాం. మగపిల్లలు గంటన్నర ఈదులాడినారు. టికెట్టు మాత్రం ఇద్దరికీ ఒకటే.

టీచర్ల సంగతి ఇంకా అన్యాయం. వాళ్లు ఒక్క ఆట కూడా ఎక్కలేదు. ప్రతి అరగంటకూ తలలు లెక్కపెట్టడం, ఒకరు తక్కువైతే చెమటలు పట్టడం. నడిరాత్రి బడి గేటు ముందు తల్లిదండ్రులకు ఒక్కొక్కరిని అప్పజెప్పేదాకా తెలుగు టీచరు ముఖంలో నవ్వు చూడలేదు. ఆమెను ఎవరైనా "రిలాక్స్ అయినారా టీచర్?" అని అడిగితే ఏమంటారో!

అన్నిటికన్నా పెద్ద విషయం బస్సు ఎక్కనివాళ్లది. పోయినసారి టూరు రుసుము, బస్సు, తిండి, టికెట్టు అన్నీ కలిపి 1,450 రూపాయలు. మన తరగతిలో 46 మందిలో 11 మంది రాలేదు. అందులో నా పక్క బెంచీ అమ్మాయి ఒకతె. ఆమె అమ్మ పత్తి ఏరడానికి పోతుంది. "మా అమ్మ నాలుగైదు రోజుల కూలి ఒక్క రోజులో తిరిగి రావడానికా?" అని నాతో అన్నది, సారుతో మాత్రం "జ్వరం" అని చెప్పింది. మేము వచ్చినాక వారం రోజులు తరగతిలో అవే కబుర్లు, అవే ఫోటోలు. ఆ 11 మందీ వింటూ కూర్చున్నారు. పోయిన 35 మందికి అలసట, పోనివాళ్లకు మనసులో నొప్పి. అందరికీ ఆటవిడుపు కోసమే టూరు అయితే, ఈ లెక్క కూడా అందులో వేయాలి కదా.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పార్కుకు పోవద్దని నేను అనను. కానీ దాన్ని విశ్రాంతి అని పిలవవద్దు. అది ఒక సాహసం, ఒక అనుభవం. ఆటల పోటీకి పోయినట్టు తయారై పోవాలి. అన్నీ ఎక్కాలనే పట్టుదల వదిలి ముందే నాలుగు ఆటలు ఎంచుకోవాలి. సెలవు రోజున కాకుండా మామూలు రోజున పోతే వరుసలు తగ్గుతాయి. బట్టల నియమం, లాకరు ఖర్చు టూరు నోటీసులోనే రాయాలి. మధ్యాహ్నం ఒక గంట ఎవరూ ఎవరినీ తొందరపెట్టకుండా నీడలో కూర్చోవాలి. రెండు రోజుల తర్వాత ఆదివారం వచ్చేటట్టు కాకుండా, మరుసటి రోజే సెలవు ఉండేటట్టు చూసుకోవాలి.

ఇంకొక మాట. పార్కు టూరు ఉన్న ఏడాదిలోనే, రుసుము లేని ఒక రోజు కూడా అందరికీ ఉండాలి. సద్దులు కట్టుకొని మన రాయచూరు కోటకు నడిచి పోవచ్చు. అక్కడ దాదాపు 40 అడుగుల పొడుగు రాతి మీద 1294 నాటి తెలుగు శాసనం ఉంది. అంత రాయిని బండి మీద ఎట్లా లాగి తెచ్చినారో చెప్పే బొమ్మ కూడా అక్కడే చెక్కి ఉంది. కన్నడ నాడులో తెలుగు చదువుకుంటున్న మనం దాన్ని చూడకపోతే ఎవరు చూస్తారు? అక్కడ వరుస లేదు, చేతికి పట్టీ లేదు, 46 మందిమీ పోవచ్చు.

టూరు నోటీసు ఇంకా గోడ మీదికి రాలేదు. వచ్చేలోపల మీరేమనుకుంటున్నారో మన తరగతి గోడపత్రికలో రాయండి. ముఖ్యంగా పోయినసారి రానివాళ్లు రాయండి. పేరు రాయకపోయినా పర్వాలేదు.